పద్దుల గది నుంచి

టార్టూలో నవంబరు. మూడున్నరకే చీకటి.
మూడో అంతస్తు సెమినార్ గదిలో
పొద్దుటి నుంచీ హీటరు కీచుమంటూనే ఉంది.
ముగ్గురు పిల్లలు, మనిషికి అరగంట.
చివరి వరసలో, నా చేతిలో రెండు అట్టముక్కలు:
ఒకదాని మీద 'అయిదు', ఒకదాని మీద 'ఒకటి'.
టైము చూపించడం నిజానికి నా పని కాదు,
నాది పద్దుల గది.
ఆ పని చెయ్యాల్సిన కుర్రాడికి జలుబు చేసింది.

వీళ్ళు వెళ్ళొచ్చిన దేశాలు నేను చూళ్ళేదు.
నాకవి కవర్లలో వస్తాయి.
కారెల్ ఉలాన్‌బాతర్ నుంచి తెచ్చిన బొగ్గు రసీదు
ముట్టుకుంటే వేలికి నల్లగా అంటింది.
లీసి జాంజిబార్ పడవ టిక్కెట్లు
ఉప్పుకి అట్టకట్టుకుపోయాయి,
వెన్న కత్తితో విడదీసి లెక్కపెట్టాను.
ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుందని నా వెనక అనుకుంటారు.
అనుకోనీ.
గ్రాంటు డబ్బంటే ఎవరో కట్టిన పన్ను.

ఇప్పుడు మారికా లేచింది.
జార్జియా, గురియా కొండలు.
మూతబడ్డ టీ ఫ్యాక్టరీ, కప్పు లేని షెడ్డు,
షెడ్డులో మేస్తున్న ఒక దూడ.
తెర మీద పటం, పటం నిండా చుక్కలు,
చుక్కకో నంబరు.
"పద్నాలుగో సమాధానకర్త. స్త్రీ. డెబ్భై ఒకటి.
ఆకు కోత పని, ముప్ఫై మూడేళ్ళు."
స్లైడు మారిపోయింది.

ఆగు పిల్లా.
ఆ పద్నాలుగు నాకు తెలుసు.

పేరు చెప్పను,
చెప్పనన్న కాగితం మీద ముద్ర కొట్టింది నేనే.
మాట్లాడినందుకు మారికా ఇవ్వబోయిన నలభై లారి,
అది అక్కడి డబ్బు, ఆవిడ పుచ్చుకోలేదు.
'ముట్టినట్టు సంతకం' దగ్గర
కాగితం చిరిగేలా గీసిన అడ్డగీత ఉంది.
దానికి గుచ్చి ఇంకో రసీదు, కళ్ళద్దాల కొట్టుది:
ప్లస్ రెండున్నర, గోధుమరంగు ఫ్రేము,
ముప్ఫై ఎనిమిది.

తిప్పి పంపాను.
పరికరాల పద్దు కింద కళ్ళజోడు రాదు.

మారికా సంజాయిషీ రాసింది.
"నే చెప్పేదంతా రాసుకుంటున్నావు, సరే.
నువ్వు రాసింది నాకెట్లా కనిపిస్తుంది?"
అని అడిగిందట ఆవిడ.

మళ్ళీ తిప్పి పంపాను.
'ఏ భాషలో చదివింది?' అని మార్జిన్లో రాసి.

జవాబు ఆ రాత్రే వచ్చింది.
జార్జియన్‌లో సాపు రాసి ఇచ్చిందట, పదకొండు పేజీలు.
ఆవిడ గుమ్మంలో కూచుని, కొత్త అద్దాలతో,
రెండు రోజులు చదివింది.
ఫ్యాక్టరీ కూత ఆరింటికి కాదు,
అయిదూ నలభైకి, అని దిద్దింది.
మూడో పేజీ మాత్రం పైనుంచి కిందికి కొట్టేసింది.
"ఇది నీతో అన్నాను. వాళ్ళతో కాదు."

ఆ ఇరవై నిమిషాల తేడా దగ్గర
నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.
అంత కచ్చితంగా ఉండే మనుషులు
మా భవనంలో ఇద్దరే.

తెర మీద ఆఖరి స్లైడు.
ముందు వరసలో పెద్ద ప్రొఫెసరు కలం మూత పెట్టి,
"అంతా బాగుంది.
మూసేసిన ఆ ఏడాది ఆడవాళ్ళు ఏం చేశారు?
మీ డేటా సరిగ్గా అక్కడే నోరు మూసుకుంటోంది" అన్నాడు.

మారికా నీళ్ళ గ్లాసు అందుకుంది.
తాగలేదు.
ఆ మూడో పేజీ ఆ పిల్లకి కంఠస్థమని
గదిలో నాకొక్కదానికే తెలుసు.
చెబితే ఈ పూట గెలిచినట్టే,
ఏప్రిల్ గ్రాంటు కూడా బహుశా.

"ఆ భాగం నా దగ్గర లేదు" అంది.

"అదెలా?" అన్నాడాయన, ముందుకు వంగి.

గోడ గడియారం ప్రకారం ఇంకా తొమ్మిది నిమిషాలు.
నేను 'ఒకటి' ఎత్తాను.
అందరికీ కనబడేలా, చెయ్యి పూర్తిగా చాచి.

కాఫీ దగ్గర మారికా నా వంక చూసింది, చూడనట్టు.
కళ్ళజోడు డబ్బు ఇంకా మంజూరు కాలేదు.
సోమవారం చూడాలి,
ఏ పద్దు కిందికి వస్తుందో.